మూడో అంతస్తులో తెల్ల మేజోళ్ళు

మా అత్తగారు ఆర్డిస్ ఫోన్ చేసి, "డ్యూక్‌కి ఒళ్ళు పొడిబారింది" అన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. మిన్నెసోటా రాష్ట్రం దులూత్‌లో నవంబరు చలి వచ్చిందంటే అందరి ఒళ్ళూ పొడిబారుతుంది. దానికోసం ఎవరూ ఫోన్ చెయ్యరు. మా అత్తగారైతే అసలే చెయ్యరు. తుంటి ఎముక విరిగినప్పుడు కూడా ఆవిడ "కాస్త పట్టేసినట్టుంది" అని మూడో రోజున చెప్పారు.

డ్యూక్‌ది పెద్ద పేరే గానీ బరువు ఎనిమిది పౌండ్లు. తెల్లటి బొచ్చుకుక్క. పెద్దవాళ్ళ కోసం కట్టిన అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు మీద కాపురం. బయటికి వెళ్తే ఆవిడ కోటు లోపలే వెళ్తాడు. మిగతా అవసరాలన్నీ బాత్‌రూములో పరిచిన గుడ్డ మీదే కానిస్తాడు.

వెళ్ళి వాణ్ణి ఒళ్ళో కూచోబెట్టుకుని సంచీలోంచి పేల దువ్వెన తీశాను.

"అదేంటి?" అన్నారు ఆర్డిస్.

"దువ్వెన."

"దువ్వెనని నాకూ తెలుసు. ఏం దువ్వెన?"

"పళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న దువ్వెన."

తోక మొదట్లో నాలుగుసార్లు దువ్వేసరికి మిరియాల పొడి లాంటి నలుసులు రాలాయి. వాటిని తడి కాగితం మీద వేసి నొక్కాను. చుట్టూ ఎర్రగా పాకింది.

"మట్టి," అన్నారావిడ.

"మట్టయితే ఇలా ఎర్రగా కరగదు. వాడి రక్తమే. ఎగిరే కుక్కపేలు తాగి వదిలిన పెంట."

అంతలో ఆవగింజలో సగం ఉన్న నల్లటి ప్రాణి ఒకటి వాడి వీపు మీంచి ఆవిడ చొక్కా అంచు మీదికి దూకి, అక్కణ్ణించి ఎటో మాయమైంది. ఇద్దరం చూశాం.

"గడప దాటని కుక్కకి పేలెలా వస్తాయమ్మాయ్?"

"గడప మీరు దాటుతారు కదా, ఆర్డిస్."

ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద కాగితం ఒకటి ఉంది. డిసెంబరు పదో తారీఖున మేనేజరు క్రిస్టా ఇళ్ళన్నీ చూడ్డానికి వస్తుంది. ఏ ఇంట్లోనైనా పురుగు కనిపిస్తే ఆ ఇంటి జంతువుని పంపించెయ్యాలి. ఆర్డిస్ ఆ కాగితం వంక చూడకుండా, డ్యూక్ చెవులు సర్దుతూ అన్నారు: "వీడు లేకపోతే పొద్దున్నే లేచి ఎవరితో మాట్లాడను, కాఫీ మెషీన్‌తోనా?"

ఆవిడ నోట అంతకన్నా పెద్ద ఏడుపు నేను వినలేదు.

పశువుల డాక్టరు మాత్ర ఇచ్చాడు. సాయంత్రానికే పేలు చచ్చి రాలడం మొదలైంది. కానీ అసలు సంసారం కుక్క మీద కాదు, తివాచీలో ఉందన్నాడు. గుడ్లు అక్కడ రాలి, పురుగులై, గూళ్ళు కట్టుకుని వారాల తరబడి కూచుంటాయి. గూట్లో ఉన్నదాన్ని ఏ మందూ ఏమీ చెయ్యలేదు. వ్యాక్యూమ్ అదురుకి లేచి బయటికొస్తే, మాత్ర మింగిన కుక్కని కుట్టి చస్తుంది. కాబట్టి రోజూ వ్యాక్యూమ్ చెయ్యాలి, దాని సంచీ కట్టేసి బయట చెత్తడబ్బాలో పారెయ్యాలి, పడకలన్నీ వేడినీళ్ళలో ఉతకాలి.

ఫలితం తెలియడానికి నేను మా ఆయనవి తెల్ల మేజోళ్ళు తొడుక్కుని తివాచీ మీద అటూ ఇటూ నడిచి, ఎక్కిన పేలని లెక్కపెట్టేదాన్ని. మొదటి రోజు పందొమ్మిది. వారానికి పదకొండు. ఆ తర్వాత నాలుగు. ఓ బుధవారం మళ్ళీ పద్నాలుగు.

"నిన్న ఎక్కడికెళ్ళారు?"

"ఎక్కడికెళ్తాను? లవాన్ ఇంటికి. మంగళవారం కాఫీకి."

ఆ అంతస్తులో నలుగురు ఆడవాళ్ళు మంగళవారానికి ఒకరింట్లో చొప్పున కాఫీకి కలుస్తారు. చెప్పులు గుమ్మం దగ్గర, డ్యూక్ ఒళ్ళో.

"లవాన్ గోక్కుందా?"

ఆవిడ ఆలోచించారు. "మర్యాదగా."

"మరి మీరో?"

"బల్ల కింద, ఒక కాలితో ఇంకో కాలు."

"మిగతా ఇద్దరూ?"

"డొరీన్ కూడా కాళ్ళు కదుపుతూనే ఉంది. ఇర్మా రెండు జతల మేజోళ్ళు వేసుకొచ్చింది. చలికనుకున్నా."

"నాలుగిళ్ళూ ఒక్కసారే చెయ్యకపోతే ఇది తెగదు, ఆర్డిస్. వాళ్ళని అడగండి."

"ఏమని? మీ ఇంట్లో పేలున్నాయా అనా? పదకొండేళ్ళ స్నేహం అమ్మాయ్."

"పోనీ మీ సంగతి చెప్పండి."

"చెప్తే ఎప్పుడో ఒకప్పుడు క్రిస్టా చెవిన పడుతుంది." ఆవిడ డ్యూక్‌ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

వచ్చే మంగళవారం వంతు ఆర్డిస్‌దే. నిమ్మకాయ కేకు ముక్కలతో పాటు నాలుగు జతల కొత్త తెల్ల మేజోళ్ళు కొనుక్కెళ్ళాను. కాఫీలు పోశాక, "నేల చల్లగా ఉంది, తొడుక్కోండి" అని పంచబోయాను. నేను అంత అమాయకంగా ఏనాడూ నవ్వలేదు.

"నావి నాకున్నాయమ్మా," అంది ఇర్మా.

"తెలుపు నాకు నప్పదు," అంది డొరీన్.

లవాన్ తన జతని రెండు వేళ్ళతో పట్టుకుని మళ్ళీ నా ఒళ్ళో పెట్టింది. "ఇంత మంచి మేజోళ్ళు ఇంట్లో పాడుచేసుకోవడం ఎందుకే."

ఊరికే ఇచ్చిన వస్తువుని మర్యాదకి రెండుసార్లు వద్దని మూడోసారి తీసుకునే మిన్నెసోటా ఆడవాళ్ళు ఇలా తిప్పికొట్టడం నేను అప్పుడే చూశాను.

ఆర్డిస్ నా వంక చూశారు. ఆ చూపు అర్థమై నాకు కొంచెం సిగ్గేసింది. తర్వాత ఆవిడ డ్యూక్‌ని సోఫాలో దించి, వంగలేక వంగి, తన మేజోళ్ళు విప్పి తెల్లవి తొడుక్కున్నారు. రెండు కాళ్ళూ తివాచీ మధ్యలో ఆనించి కూచున్నారు. ఎవరూ కాఫీ తాగలేదు. నిమిషం తిరక్కుండానే మడమ మీద ఒక నల్ల చుక్క లేచింది. ఆ పక్కనే ఇంకోటి.

"డ్యూక్‌కి పేలొచ్చాయి," అన్నారావిడ. "మూడు వారాలైంది. మీకూ అంటించే ఉంటాను. ముందే చెప్పాల్సింది. చెప్తే వీణ్ణి తీసుకుపోతారని నోరు మూసుకున్నా."

లవాన్ కప్పు కింద పెట్టింది. "నీ కుక్క కాదే. నా కుక్క. సెప్టెంబర్లో దాన్ని మా మనవరాలి పొలానికి తీసుకెళ్ళా."

"మా పిల్లి అనుకున్నా నేను," అంది ఇర్మా. "దానికి మందు కూడా కొన్నా." సంచీలోంచి డబ్బా తీసి చూపించింది. కుక్కల మందు. నేను దాదాపు లాక్కున్నాను. "ఇది పిల్లికి వేస్తే పిల్లే పోతుంది."

"పేలు కూడా పోతాయిగా," అంది లవాన్.

"నవ్వండి," అంది డొరీన్. "నాకు కుక్కా లేదు, పిల్లీ లేదు. ఉన్నవల్లా పేలే. డాక్టరుకి కాళ్ళు చూపిస్తే నరాల బలహీనత అన్నాడు. మాత్రలు కూడా వేసుకుంటున్నా."

మర్నాటి నుంచి రోజూ పొద్దున పది గంటలకి మూడో అంతస్తులో నాలుగు వ్యాక్యూములు ఒక్కసారే మోగేవి. పిల్లికి పిల్లి మందు తెచ్చాం. నవంబరు ఆఖరికి మేజోళ్ళ మీద రెండు, ఆ తర్వాత ఒకటి, ఆ తర్వాత సున్నా.

పదో తారీఖున క్రిస్టా వచ్చి, బూట్లు విప్పి, పొగ అలారం నొక్కి చూసింది. కుళాయిలు తిప్పింది. కిటికీలు తెరిచి మూసింది. తివాచీ మీద అంతటా నడిచింది. నేను ఆమె మేజోళ్ళనే చూస్తున్నాను. ఏమీ లేదు. అడక్కపోతే చెప్పక్కర్లేదని నేనూ ఆర్డిస్ ముందే అనుకున్నాం. క్రిస్టా కాగితాలు సర్దుకుంటోంది.

"క్రిస్టా, ఒక్క మాట," అన్నారు ఆర్డిస్.

నేను దగ్గాను. ఆవిడ పట్టించుకోలేదు.

"డ్యూక్‌కి పేలొచ్చాయి. మందిచ్చాం. ఎనిమిది రోజులుగా ఒక్కటి కూడా కనపడలేదు. రేపు రెండో అంతస్తులో ఎవరికైనా కనిపిస్తే నువ్వు వాళ్ళనే అనుమానిస్తావు, అందుకని చెప్తున్నా." ఆవిడ కుక్క చెవులు సర్దారు. "పంపించెయ్యాలంటే, ఎక్కడికన్నది నేనే చూసుకుంటా."

క్రిస్టా ఆవిడ వంకా, డ్యూక్ వంకా చూసింది.

"ఆర్డిస్, ఈ అంతస్తులో ఇవాళ నేనీ మాట వినడం నాలుగోసారి. డొరీన్ అయితే, పంపించెయ్యాలంటే తనకి జంతువు లేదు గనక ఎవర్ని పంపాలో నన్నే చెప్పమంది." పెన్ను మూసింది. "పురుగు ఉంటే రాయాలి. పోయినవి రాయడానికి ఇందులో గడి లేదు."

సంతకం పెట్టి, డ్యూక్ తల నిమిరి వెళ్ళిపోయింది.

ఆర్డిస్ గుమ్మం దగ్గర బెంచీ మీద కూలబడ్డారు. నా చెయ్యి పట్టుకున్నారు. నేనా ఇంటి కోడలినై ఇరవై రెండేళ్ళయినా అలా పట్టుకోవడం అదే మొదటిసారి. డ్యూక్ ఆవిడ గడ్డం నాకుతుంటే కళ్ళు మూసుకున్నారు.

తర్వాత కళ్ళు తెరిచారు.

"నాలుగోసారి అందా? అంటే ముగ్గురూ నాకన్నా ముందే చెప్పేశారా?"

"అలాగే ఉంది."

"లవాన్‌కి ఫోన్ కలుపు," అన్నారావిడ. "నాతో ఒక్క ముక్కైనా అనకుండానే చెప్పేస్తారా."