దొరసాని మొక్క, డ్రైవరు గారి పిల్లి

బిట్రగుంట రైల్వే కాలనీలో గూడ్సు డ్రైవరు హెబ్రోను క్వార్టరు వరండాకు ఇనుప జాలీ ఉంది. బయట పెడితే మేకలు తింటాయని హెబ్రోను తన పదకొండు కుండీలనూ జాలీ లోపల పెట్టాడు. బయట వదిలితే కుక్కలు చంపుతాయని అతని భార్య రెబెక్కమ్మ పిల్లిని జాలీ లోపలే పెంచింది. రెండేళ్లపాటు ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు.

1962 మే నెలలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదికి పిల్లి నోట్లోంచి చొంగ కారింది. అది కాలితో మూతి గీరుకుంది. రెబెక్కమ్మ నీళ్ల గిన్నె పెడితే ముఖం తిప్పుకుని మంచం కిందికి పోయింది.

పక్క క్వార్టరులో ఉండే పార్సిలు గుమాస్తా పద్మనాభయ్య జాలీలోంచి చూశాడు.

"నీళ్లంటే భయపడతా ఉంది. దానికి పిచ్చి పట్టిందమ్మా."

"భయపడలా. వద్దంటా ఉంది."

"రెండూ ఒకటే. అది గీరిందంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మా ఇంట్లో పిలకాయలుండారు."

అతను ఆఫీసుకు పోతూ శానిటరీ మేస్త్రీ ముత్యాలయ్యకు చెప్పాడు. కాలనీలో పిచ్చికుక్కలను చంపే పని ముత్యాలయ్యది. పది గంటలకు అతను గోనెసంచి, కర్ర తీసుకుని వచ్చాడు.

"రెండేళ్లుగా దీన్ని గడప దాటనీలేదు. ఏ కుక్కా దీన్ని కరవలేదు," అంది రెబెక్కమ్మ.

"అందరూ ఆ మాటే చెప్తారమ్మా. సాయంత్రం అయిదుకు వస్తా. నా కళ్ల ముందర నీళ్లు తాగిందా, పిల్లి మీది. తాగలేదా, నాది."

ముత్యాలయ్య పోయాక ఆమె పిల్లిని తువ్వాలులో చుట్టి నోరు తెరిచింది. గొంతులో చేపముల్లు ఇరుక్కుని ఉంటుందనుకుంది. ముల్లు లేదు. నాలుక వాచి ఉంది. పళ్ల మధ్య ఆకు పీలిక ఉంది. ఆమె కుండీలన్నీ వెతికింది. ఆరో కుండీలో, చెరుకుగడలాంటి కాండం ఉన్న మొక్కకు ఒక ఆకు అంచు తెగి ఉంది. ఆకు మీద తెల్ల మచ్చలున్నాయి. ఈ కాలనీలోనే ఉండిన ఆంగ్లో ఇండియన్ డిక్రూజు దొరసాని, కాపురం ఎత్తేసి ఆస్ట్రేలియా పోతూ హెబ్రోనుకు ఇచ్చి పోయిన మొక్క అది.

డ్యూటీ దిగి వచ్చి పడుకున్న హెబ్రోనును ఆమె లేపింది.

"నీ దొరసాని మొక్క పిల్లిని చంపతా ఉంది. చేమాకు పచ్చిది నమిలితే ఎట్టుంటాదో అట్టుంది దాని నోరు."

"అది చేమాకు కాదు. దొరసాని హాల్లో పదేళ్లుంది."

"వాళ్ల పిల్లి ముట్టలేదా?"

"వాళ్లకు పిల్లి యాడుంది? కుక్క ఉండేది."



"కుక్క ఆకులు తింటాదా అయ్యా?"

"ఆకు మీద నింద వెయ్యబాక. చూడు," అని హెబ్రోను లేచి పోయి గోరంత ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. రెండుసార్లు నమిలాడు. మూడోసారి నమల్లేదు. ఉమ్మేసి నీళ్ల తొట్టి దగ్గరికి పోయాడు. పావుగంటకు అతని పెదవులు వాచాయి. అరగంటకు మాట పోయింది. అతనికీ చొంగ కారింది.

"నేను చెప్పినాను," అంది రెబెక్కమ్మ. వంటింట్లోంచి పెరుగు తెచ్చింది. భర్తకు గిన్నెలో ఇచ్చింది. పిల్లి నోటిని తడిగుడ్డతో తుడిచి, పెరుగును వేలితో రాసింది. మధ్యాహ్నం రెండింటికి పిల్లి వేలు నాకింది. నాలుగింటికి గిన్నెడు మజ్జిగ తాగింది.

అయిదుకు ముత్యాలయ్య వచ్చాడు. కుర్చీలో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్న హెబ్రోనును చూసి గుమ్మంలోనే ఆగాడు.

"డ్రైవరు గారిని గాని కరిచిందా?"

"కరవలా. ఆయనా అదే ఆకు తిన్నాడు."

"ఆయనెందుకు తిన్నాడు?"

"ఆయన్నే అడుగు. చెప్పగలిగితే వింటా."

ముత్యాలయ్య గిన్నెలో నీళ్లు పోయించాడు. పిల్లి వాసన చూసి కూర్చుంది.

"ఇప్పుడే మజ్జిగ తాగింది. దాహం లేదు," అంది రెబెక్కమ్మ.

"మజ్జిగ లెక్కలోకి రాదమ్మా. మా ఇన్‌స్పెక్టరు నీళ్లన్నాడు."

"మజ్జిగలో ఉండేదేంది అయ్యా? నీళ్లు కాక?"

"నాకు తెలుసు. ఆయనకు తెలియాల కదా."

ముత్యాలయ్య బల్ల మీద కూర్చున్నాడు. సంచి మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. రెబెక్కమ్మ గిన్నె మార్చింది. నీళ్లలో వేలు ముంచి పిల్లి మూతికి పూసింది. పిల్లి తుడుచుకుంది. అయిదుంబావు అయింది. అయిదున్నర అయింది. హెబ్రోను తువ్వాలు తీసి ఏదో అన్నాడు. ఎవరికీ అర్థం కాలేదు.

ముత్యాలయ్య లేచి సంచి మూతి విప్పాడు. ఆ చప్పుడుకు పిల్లి కుండీల మధ్యకు పోయింది. అక్కడ క్రోటన్ కుండీ కింది పళ్లెంలో పొద్దున పోసిన నీళ్లు మిగిలి ఉన్నాయి. పిల్లి వంగి తాగింది. అది తాగుతున్నంతసేపూ ముగ్గురూ దాన్నే చూశారు.

"గిన్నెలో తాగితే దీని సొమ్మేం పోయింది?" అన్నాడు ముత్యాలయ్య. సంచి మడిచి చంకలో పెట్టుకుని పోయాడు.

రెబెక్కమ్మ ఆరో కుండీ వైపు చెయ్యి చూపింది. "ఇది పోవాల. లేకుంటే నేనూ పిల్లీ కావలికి, మా అమ్మగారింటికి పోతాం." హెబ్రోను తల అడ్డంగా ఊపాడు. ఆమె ట్రంకుపెట్టె మంచం కిందినుంచి లాగింది. అతను కుండీ ఎత్తుకున్నాడు.

డ్యూటీ మీద వచ్చిన డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూములో పిల్లులు లేవు. హెబ్రోను కుండీని అక్కడ కిటికీ దగ్గర దించి, 'ఈ ఆకు నమలరాదు' అని కాగితం మీద రాసి కాండానికి కట్టాడు. వంటమనిషి పోలేరయ్య కాగితం రెండుసార్లు చదివాడు.

"ఆకు ఎవరు నములుతారు సార్?"

హెబ్రోను నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.