కోట ఆటలో దాచిన బడి

మౌసు ముట్టుకోగానే వేళ్ళకు జిడ్డంటింది. వదిన చెయ్యి కొంగుకు తుడుచుకుంది. ఆ ఇంట్లో ఆవిడను వదినా అని పిలిచేది మరిది ఒక్కడే, అయినా మనకు ఆ పిలుపు చాలు. కీబోర్డు బోర్లించి తడితే చిప్స్ పొడి రాలింది. దాంతోపాటు కొరికిన గోరు ముక్క కూడా. ఛీ! మనిషన్నవాడు పని చేసుకునే బల్ల మీద గోళ్ళు కొరికి ఉమ్ముతాడా? ఎవరి ఎంగిలో తుడుచుకుంటే గానీ తన పని మొదలుపెట్టే రాత లేదు ఆవిడకు.

ఆవిడ కట్టడాల ప్లాన్లు గీస్తుంది. ఇన్నాళ్ళూ ఒక ఇంజనీరు కింద గీసింది, గీత ఆవిడది, సంతకం ఆయనది. మొట్టమొదటిసారి ఒక చిన్న బడి పని ఆవిడ పేరు మీదే వచ్చింది. సాయంత్రంలోగా బొమ్మలన్నీ పంపాలి. పంపకపోతే మళ్ళీ ఆ ఇంజనీరు గుమ్మంలో చేతులు కట్టుకు నిలబడాలి.

కంప్యూటరు కొన్ననాడే ఇంట్లో ఒప్పందం జరిగింది. సి డ్రైవు చిన్నది, కంప్యూటరు నడవడానికే సరి. డి ఆవిడ బొమ్మలకు. వైరుతో తగిలించిన ఇ డ్రైవు ఆటలకు. మరిదికి ఇష్టమైన పాత కోట ఆట ఇ లో నత్తనడక నడుస్తోందని వాడు బతిమాలితే, పోనీ కదా అని దానికొక్కదానికి డి లో చోటిచ్చింది. ఆ తర్వాత కార్ల ఆట వచ్చింది, తుపాకుల ఆట వచ్చింది, శవాలు లేచి తిరిగే ఆట వచ్చింది. ఇ లో అయితే తెరుచుకోవడానికి యుగం పడుతుందని అన్నీ డి లోకే పాకాయి. ఆవిడ రెండుసార్లు తుడిచేసింది. వారం తిరక్కుండా మళ్ళీ దిగాయి. ఒకసారైతే ఆటకు చోటు చాలక ఆవిడ బొమ్మల ఫోల్డరునే ఎవరో ఇ లోకి గెంటేశారు. తన సామాను తీసి వీధిలో పడేసినట్టనిపించి ఆవిడకు రెండు రోజులు అన్నం సయించలేదు.

అప్పుడు ఆవిడ ఒక ఉపాయం చేసింది. బడి బొమ్మలన్నీ తీసుకెళ్ళి ఆ కోట ఆట ఫోల్డరు లోపల దాచింది. మరిది ఏళ్ళ తరబడి రాయి రాయి పేర్చుకున్న కోట అది. ఇల్లు తగలబడుతున్నా వాడు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వడు. ఇంతకన్నా భద్రమైన చోటు ఆ ఇంట్లో లేదు.

ఆ మధ్యాహ్నం బడి బొమ్మ తయారవుతూ తయారవుతూ సగంలో ఆగిపోయింది. డి లో చోటు లేదట. పొద్దున్న ఉన్న ఖాళీ ఏమైనట్టు? ఆవిడ విసురుగా భోజనాల బల్ల దగ్గరకు వచ్చింది.

"సిగ్గనేది ఉందా నీకు? నా డ్రైవు నిండా నీ చెత్తేనా?" అంది మరిదితో.

"డి లో నాది కోట ఆట ఒక్కటే వదినా. మిగతావి నావి కావు."

"మరి గోడలు ఆడుకుంటున్నాయా రాత్రిళ్ళు?"

మరిది ఒకసారి అన్నవైపు చూశాడు. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు తింటూ, "పోనీలేవే, చిన్నవాడు," అన్నాడు. చిన్నవాడికి ముప్పై దగ్గరపడుతున్నాయి. ఇంకొక్క మాట మాట్లాడితే నోరు జారుతుందని ఆవిడ బాల్కనీలోకి వెళ్ళిపోయి, బడివాళ్ళకు ఫోను చేసి ఒక గంట గడువు అడిగింది. అడగడానికి ప్రాణం చచ్చిపోయింది.

తిరిగి వచ్చేసరికి మరిది కంప్యూటరు ముందు నుంచి లేస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చోటు చేశాను వదినా. నా కోట తీసేశాను. మీ పని కానీయండి."

ఆవిడ గబుక్కున కుర్చీ లాక్కుని కూర్చుంది. "మొత్తం తీసేశావా? ఫోల్డరుతో సహా?"

"మొత్తం. అందులో ఇంకేం ఉందని?"

కంప్యూటరు చెత్తబుట్టలో వెతికింది, చోటు కోసం వాడు దాన్నీ ఖాళీ చేసేశాడు. పెన్‌డ్రైవులో ఉన్నది దిద్దుబాట్లకు ముందు గీసిన ముతక బొమ్మ. బడి బొమ్మలు దాచింది అందులోనేనని మరిదికి చెప్పింది. వాడే కంప్యూటరు మెకానిక్కుకు ఫోను కలిపి ఆవిడ చేతికిచ్చాడు.

"కంగారు పడకండమ్మా," అన్నాడు మెకానిక్కు. "తీసేసినవి వెంటనే పోవు. వాటి మీద ఇంకోటి వచ్చి కూర్చోకపోతే చాలు, నేను తీసిస్తా. ముందు సిస్టం ఆపేయండి, దేన్నీ ముట్టుకోవద్దు."

ఇద్దరూ తెర వైపు తిరిగారు. తెర మూలన, ఇందాక కంగారులో చూడని ఒక చిన్న కిటికీ తెరుచుకుని ఉంది. చోటు చాలక ఆగిపోయిన కొత్త ఆట ఒకటి, మరిది కోట ఖాళీ చేసిన చోట్లోకి తనంతట తానే దిగుతోంది. అప్పటికే మూడొంతులు దిగిపోయింది. దాని పైన సింహం బొమ్మ, బొమ్మ పక్కన ఆ ఆట తెప్పించుకున్నవాడి పేరు: పెద్దోడు. ఆవిడ భర్తను అలా పిలిచేది అత్తగారొక్కరే.

ఆవిడ కరెంటు తీగ పట్టి లాగేసింది. తెర నల్లబడింది. ఇక మెకానిక్కు వచ్చి ఏం తీస్తాడు, నాలుగు గోడలూ ఒక తలుపూ తీస్తాడేమో.

"నీకు తెలుసా?" అంది.

మరిది తల దించుకున్నాడు. "అన్నయ్య చెప్పొద్దన్నాడు. అయినా నేను చెబితే మీరు నమ్మేవారా వదినా?"

నమ్మేది కాదు. అది తలుచుకుంటే ఆవిడకు తన మీద తనకే రోత పుట్టింది. ఇన్నాళ్ళూ ఆ బల్ల తుడుస్తూ తిట్టిన తిట్లన్నీ ఈ పిల్లాడికి కట్టబెట్టింది.

గుమ్మంలో చప్పుడైంది. ఆయన వచ్చి నిలబడ్డాడు, తేలు కుట్టిన దొంగలా. బొటనవేలి గోరు కొరుకుతున్నాడు. కొరికి, ముక్కను నాలుక చివరకు తెచ్చి, తుపుక్కున పక్కకు ఊశాడు.

"పోనీలేవే, మళ్ళీ గీసుకోవచ్చు," అంటూ దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేయబోయాడు.

ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ముందు ఆ చేతులు కడుక్కు రండి," అంది. తర్వాత మరిదివైపు తిరిగి, పెన్‌డ్రైవు వాడి చేతిలో పెట్టి, "నీ ఆఫీసు లాప్‌టాప్ తీసుకురా నాన్నా. ముతకదైనా సరే, పంపేది నా పేరుతోనే," అంది.