చేతులెత్తిన అక్షరం

కొడుకు మన్ని పేరు మీద రాయి నిలబెట్టనివ్వనని రన్వేగ్ ఏళ్ళ తరబడి మొండికేసింది. రాయి లేచిందంటే మనిషి పోయినట్టే. అప్పుడే భార్య ఇంకో ఇంటికి వెళ్ళొచ్చు. లేదంటే ఆమె జుట్టు నెరిసినా ఆ ఇంటి కోడలే.

తూర్పు నదుల మీదుగా గ్రీకుల దేశానికి మన్నితో కలిసి తెడ్డు వేసిన ఉల్వ్, అతను లేకుండానే తిరిగొచ్చాడు. మన్ని జ్వరంతో పోయాడన్నాడు. ఎక్కడ పాతిపెట్టారని రన్వేగ్ అడిగితే నీళ్ళు నమిలాడు. చివరికి నిజం కక్కాడు.

"ఒడ్డున పడుకోబెట్టి వచ్చేశాం పెద్దమ్మా. నది గడ్డకట్టేస్తోంది, ఆగితే అందరం పోయేవాళ్ళం. అప్పటికింకా ఊపిరుంది."

ఆ ఊపిరినే పట్టుకుని వేలాడింది తల్లి. పక్కింటావిడ అలా చేస్తే పిచ్చి అంటాం. మనదాకా వస్తే గానీ తెలియదు.

కోడలు అస్తా ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. నూలు వడికింది, ఆవుల్ని చూసుకుంది, బార్లీ జావ కాచి ముందు అత్తకే పోసింది. సరస్సు అవతలి రైతు ఒకడు పెళ్ళికి అడిగిస్తే, అత్త ఉసురు పోసుకోలేనని తిప్పి పంపింది. ఆ సంగతి పొరుగువాళ్ళు చెప్పగా రన్వేగ్‌కు తెలిసింది. తన ఆశకు ఈ పిల్ల బతుకు బుగ్గవుతోందని ఆమె గుండె తరుక్కుపోయింది. రాయి చెక్కే టోర్గిల్‌కు తనే కబురు పెట్టింది.

దారిన పోయే ప్రతివాడి కంటా పడేట్టు వంతెన పక్కన రాయి నిలిపాడు టోర్గిల్. మెలికలు తిరిగిన పాము బొమ్మ ఒంటి మీద తమ ఉత్తరదేశపు గీతల లిపి రూన్ అక్షరాలు చెక్కాడు. మన్ని గ్రీకుల దారిలో పోయాడని, భార్యా తల్లీ ఈ రాయి నిలబెట్టారని. వాటికి ఎర్రరంగు పూయడం రన్వేగ్ తన వంతు అంది.

ఆమెకు వచ్చింది ఒకే ఒక్క అక్షరం. చిన్నప్పుడు మన్ని పొయ్యి బూడిదలో గీసి నేర్పాడు: నిలువు గీత, పైకెత్తిన రెండు చేతులు. వాడి పేరుకు మొదటి అక్షరం. ఆ అక్షరం పేరే మనిషి.

"వీడు చేతులెందుకు ఎత్తాడయ్యా?" అని అడిగింది.

"పుట్టగానే ఎత్తుకోమని, పోయేటప్పుడు వదలొద్దని. మా గురువు అలాగే చెప్పాడమ్మా. మనిషికి మనిషి తోడుండాలని దానర్థం."

రన్వేగ్ వేలు రంగులో ముంచింది. తోడు లేకుండా పోయాడే నా తండ్రి అని ఏడుస్తూనే ఆ చేతులు నింపింది.

మంచు కరిగాక అస్తా సరస్సు దాటి వెళ్ళింది. మీరూ రండత్తమ్మా అని ఎంత బతిమాలినా రన్వేగ్ కదల్లేదు.

ఆ మర్నాటి నుంచి కదురు పట్టుకుని పొద్దస్తమానం ఆ రాయి ముందే కూర్చోసాగింది. ఉల్వ్ చూడలేక ఒకరోజు ఆగాడు. పోయినవాడి కోసం ఎన్నాళ్ళు ఏడుస్తావు పెద్దమ్మా, ఇంటికి పద అన్నాడు.

"ఏడవడానికి కాదురా. వాడికి చదువొచ్చు. ఒకవేళ వస్తే నన్ను చూడకముందే ఇది చదువుతాడు. మా అమ్మే నన్ను చంపేసుకుంది అనుకుంటాడు."

ఉల్వ్ తల దించుకున్నాడు. ఆమె కొంచెం పక్కకు జరిగి, కొడుకు పేరున్న చోట వీపు ఆనించి కూర్చుంది.