నా కింద నాలుగిళ్ళు

నేను ఒక జంపఖానాను. ఎరుపూ నీలం పట్టెలు, రెండు చివరలా కుచ్చులు. ఇరవైమంది ఆడవాళ్ళు మోకాళ్ళు ముడుచుకోకుండా కూర్చునేంత పెద్దదాన్ని. చదువంటారా, అక్షరం ముక్క రాదు. నా మీద ఎన్ని వేల కాగితాలు పరిచారో, ఎన్ని కలాల సిరా తాగానో, అయినా చదవడం అబ్బలేదు. జ్ఞాపకం మాత్రం అడగండి. ఎవరు ఏ మూల కూర్చున్నారో, ఎవరి మడమ పగిలి ఉందో, ఎవరు మాట్లాడుతూ మాట్లాడుతూ నా కుచ్చుల్ని జడలల్లారో, అన్నీ చెబుతాను. ఒక్క మనిషి బరువునూ నేను మరిచిపోలేదు.

ఆదోనిలో ఒక మసక గదిలో మగ్గం మీద పుట్టాను. నన్ను నేసిన మౌలాలి తాత నేస్తూ నేస్తూ కునుకు తీసేవాడు. ఆయన కళ్ళు మూతపడినా చేతులు మాత్రం నిద్రపోయేవి కావు. నా నాలుగో నీలం పట్టె మిగతావాటికంటే బెత్తెడు వెడల్పుగా ఉంటుంది. అది ఆయన కలగన్న చోటు. ఆ కలేమిటో ఆయన ఎవరికీ చెప్పలేదు. నన్ను ఎండలో ఆరేసినప్పుడల్లా ఆ పట్టె చల్లగా ఉంటుందని నాకు అనిపించేది.

కొన్నాళ్ళు షామియానాలు అద్దెకిచ్చే కొట్టులో ఉన్నాను. పొద్దున పెళ్ళివారి కింద, మర్నాడు చావింటి ముందు. నవ్వుతూ కూర్చున్నవాళ్ళూ ఏడుస్తూ కూర్చున్నవాళ్ళూ కాసేపయ్యాక ఒకే మాట అడిగేవారు, భోజనాలు ఎప్పుడని. ఆ కొట్టు మూసేస్తుంటే నన్నొక సంస్థవాళ్ళు తీసుకుపోయారు.

ఆ సంస్థది వ్యాపారం కాదు, అట్లాగని సర్కారూ కాదు. ఊళ్ళకు పోయి, మీరెట్లా బతుకుతున్నారని జనాన్ని అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకొచ్చి, పుస్తకం వేసి పైవాళ్ళకు అందించడం వాళ్ళ పని. మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మనుషుల సంగతి మనుషులకు తెలియడానికి ఒక ఆఫీసు కావాలా అనుకున్నాను. ఏడాది తిరిగేసరికి ఆ నవ్వు అణిగిపోయింది.

ఆఫీసు పిండిమర మీద రెండు గదులు. పగలంతా నేల సన్నగా వణికేది. బీరువా పక్కన చుట్టలా నిలబడి, జొన్నపిండి వాసనలో నేను మగతగా ఉండేదాన్ని. పెద్దావిడ విశాలాక్షి మేడమ్. నెరిసిన జుట్టు, ముక్కు చివర కళ్ళజోడు, దేన్నయినా రెండుసార్లు చదివితే తప్ప నమ్మని మనిషి. ఊళ్ళు తిరిగే పని శంషాద్‌ది. ముప్పై ఏళ్ళుంటాయి. నన్ను స్కూటీ ముందు నిలబెట్టి, మోకాళ్ళతో అదిమి పట్టి, గతుకు వచ్చినప్పుడల్లా "పడిపోవద్దు తల్లీ" అని నాతోనే అనేది. నన్ను పలకరించిన మొదటి మనిషి ఆమే.

ఆ ఏడు వాళ్ళు పట్టుకున్న పని నీళ్ళ గురించి. పదకొండు ఊళ్ళు. ఏ ఇంటి ఆడమనిషి నీళ్ళకు ఎంత దూరం నడుస్తోందో కనుక్కోవాలి. ఊరి పటం గీయాలి. ఆ పటం చూసే నీళ్ళ ఆఫీసువాళ్ళు వీధి కుళాయిలు ఎక్కడ పాతాలో తేలుస్తారు. పంచాయతీలో ఉన్న పటాలు ఏనాటివో, సగం ఇళ్ళు వాటిలో లేవు. అందుకే వీళ్ళ పటం మీద అందరికీ అంత గురి.

పటం గీసే తీరు నాకు భలే నచ్చేది. మేడములు గీయరు, ఊరి ఆడవాళ్ళే గీస్తారు, నేల మీద. ముగ్గుపిండితో దారులు, ఇంటికొక చింతపిక్క, బావికొక గాజుముక్క, చెట్టుకొక వేపాకు. చూస్తుండగానే ఊరంతా నా ముందు పుట్టేది. తన ఇంటి పిక్కను తానే పెట్టేటప్పుడు ప్రతి మనిషీ ఒక్క క్షణం ఆగేది, పెట్టాలా వద్దా అన్నట్టు. తర్వాత శంషాద్ దాన్ని పెద్ద కాగితం మీదికి ఎత్తి రాసుకునేది. సాయంత్రానికి గాలి వచ్చి ఊరిని ఊదేసేది.

వేరుశనగ విత్తే కాలంలో మొదలుపెట్టాం. పుల్లచెలిమ మూడో ఊరు. బడి ముందు నీడ చూసి నన్ను పరిచారు. మేడమూ శంషాదూ కాగితాలతో నా మీద కూర్చున్నారు. మహిళా సంఘం పెద్ద హనుమక్క ముగ్గు గిన్నె పట్టుకుని దారి పోసుకుంటూ వచ్చి, నా అంచు దగ్గర ఆగింది. ఆమె వేళ్ళ పిండి నా కుచ్చుల మీద రాలింది. పక్కామె గుసగుసగా అడిగింది.

"ఆ తట్టు ఇండ్లు యాడ పెడదాము అక్కా?"

"వాళ్ళు కూచోనుండారు కదమ్మే. ఇంటికొచ్చినోళ్ళను లెయ్యండి అంటే బాగుంటాదా? మల్ల పెడదాంలే."

ఇంతలో టీ వచ్చింది. టీ వెనక వాన చినుకులు వచ్చాయి. పిండి తడుస్తుందని శంషాద్ గబగబా కాగితం మీదికి ఎత్తుకుంది. ఆ 'మల్ల' మళ్ళీ రాలేదు.

నాకు తెలుసు. ఊరి ఉత్తరపు కొస నా కింద ఉండిపోయింది. నా నోరు నేత, నా మాట నూలు. ఎట్లా చెప్పను?

కాలం మెల్లగా దొర్లింది. పత్తి పగిలే రోజుల్లో నా మీద దూది పోగులు వాలేవి, ఎవరో మరిచిపోయిన మాటల్లా. మంచు పడే పొద్దుల్లో ముసలమ్మలు నా అంచు మడిచి పాదాలు కప్పుకునేవారు. ఎనిమిదో ఊళ్ళో ఒకామె బావి దూరం చెబుతూ చెబుతూ, తన చిన్నతనంలో ఏటిలో ఈదిన కథలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడా ఏటిలో ఇసుక తప్ప ఏమీ లేదు. శంషాద్ కలం ఆపి వింది. ఆ కథకు వాళ్ళ కాగితంలో చోటు లేదు. నాలో ఉంది.

ఎండలు ముదిరేసరికి పుస్తకం తయారైంది. ఆ సంస్థలో ఒక ఆనవాయితీ ఉంది. అచ్చుకు పంపేముందు, రాసిందంతా తీసుకుపోయి ఆ ఊరివాళ్ళకే చదివి వినిపించాలి. ఈసారి పొద్దు చాలక పుల్లచెలిమ ఒక్కదాంట్లో వినిపించి ముగిద్దామన్నారు మేడమ్. శంషాద్ ఒక్కతే నన్ను వేసుకుని వచ్చింది. మళ్ళీ బడి ముందే, అదే నీడలో పరిచింది. పటాన్ని గోడకు అంటించింది. అందరూ తమ తమ ఇళ్ళు వెతుక్కుని మురిసిపోయారు. "మా ఇంటి పక్క యాపచెట్టు గూడా గీసినావే శంషాదక్కా" అని ఒకామె ముచ్చటపడింది.

అప్పుడు వచ్చింది ఉరుకుందమ్మ. అరవై దాటిన మనిషి. నెత్తిన ఒక బిందె, చంకన ఒకటి. మొదటి సభకు ఆమె రాలేదు, ఆ పొద్దంతా నీళ్ళకే పోయింది. బిందెలు దించి పటం ముందు నిలబడి, వేలితో దారి పట్టుకుని నడిచింది. బడి, రచ్చకట్ట, గొర్ల దొడ్డి. వేలు కాగితం అంచుకు వచ్చి ఆగిపోయింది.

"నా ఇల్లు యాడుండాదమ్మా?"

ఎవరో నవ్వారు. "నువ్వు పటం బయట ఉండావు అత్తా. పొలిమేర దాటినావు."

"నలభై ఏండ్లాయ నేను ఈ ఊరికొచ్చి. ఎవురే నన్ను దాటించింది?" ఉరుకుందమ్మ నవ్వుతూనే అంది. నవ్వు సగంలో ఆగింది. "అయితే కుళాయి మా తట్టుకు రాదా?"

శంషాద్ కాగితాలు తిరగేసింది. ఎక్కడా లేదు. "హనుమక్కా, మీరే కదా పెట్టినారు పిక్కలు?"

హనుమక్క నా వైపు చూస్తూ చెప్పింది. "ఆ పొద్దు మీరు ఆడనే కూచోనుంటిరి. జంపఖానా మీద ముగ్గు పోస్తామా? మిమ్మల్ని లెయ్యమంటామా? మల్ల పెడదామనుకుంటిమి."

"నా కింద ఉండిందా ఆమె ఇల్లు?"

"ఆమెది ఒకటే కాదు, నాలుగిండ్లు."

శంషాద్ నా మీద నుంచి దిగ్గున లేచి నిలబడింది, నేను చుర్రుమని కాల్చినట్టు. నా కొస పట్టుకుని ఎత్తి కింద చూసింది. మట్టి తప్ప ఏముంటుంది? ఆమె చూసింది మట్టిని కాదు. ఆ ఏడాదిలో నన్ను పరిచిన ప్రతి చోటునూ ఒక్కొక్కటే చూసింది. పదకొండు ఊళ్ళు, పదకొండు నీడలు.

ఆఫీసులో మేడమ్ అచ్చు కాగితాలు దిద్దుతున్నారు. శంషాద్ విషయం చెప్పింది.

"నాలుగిళ్ళే కదా. చివర్లో ఒక పేజీ చేర్చుదాం. నీళ్ళ ఆఫీసుకు ఇవ్వాల్సింది పన్నెండు రోజుల్లో."

"నాలుగిళ్ళు కాదు మేడమ్. మనం అన్ని ఊళ్ళల్లో దీన్నే పరిచినాం. అన్ని ఊళ్ళల్లో దీని మీదే కూచున్నాం."

మేడమ్ కళ్ళజోడు తీశారు. శంషాద్ నన్ను గది మధ్య పరిచింది. నా కింద ఎన్ని ఇళ్ళు పడతాయో చూడాలని, ముగ్గు పటంలో ఇంటి వరసకు జానెడు చొప్పున మేడమ్ నా పొడుగు కొలిచారు, వంగి, చేత్తో. కొలుస్తూ కొలుస్తూ నా మధ్యకు వచ్చి చతికిలబడ్డారు. కింద పిండిమర తిరుగుతోంది.

"మర్యాద చేశారే మనకు," అన్నారు చివరికి. "మనం దాని మీద సుఖంగా కూర్చున్నాం." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "పన్నెండు రోజుల్లో పదకొండు ఊళ్ళు తిరగగలవా?" అని అడిగారు.

"మీరూ వస్తే తిరగొచ్చు మేడమ్."

తిరిగారు. ఆ ఎండలో, ఇద్దరూ ఒకే స్కూటీ మీద, నేను మధ్యలో. ఏ ఊళ్ళోనూ నన్ను పరచలేదు. నిలబడే అడిగారు, నిలబడే రాశారు. హనుమక్క లాంటి వాళ్ళు "కూచోండి మేడమ్, కాళ్ళు నొస్తాయి" అంటే, "మీ ఊరంతా అయినాకనే" అని శంషాద్ అనేది. ఏడు ఊళ్ళలో నా కింద ఇళ్ళు బయటపడ్డాయి. మిగతా నాలుగింటిలో మాత్రం పొలాలు, ఒక దిబ్బ, ఒక చచ్చిపోయిన బావి.

పుల్లచెలిమకు చివర వెళ్ళాం. చుట్టిన నన్ను బడి గోడకు ఆనించారు. ఆ రోజు ఉరుకుందమ్మ బిందెల్ని ఇంట్లోనే వదిలి వచ్చింది. హనుమక్క చింతపిక్క ఆమె చేతిలో పెట్టింది. ఆమె వెంటనే పెట్టలేదు. ముందు దారి పోసింది, గొర్ల దొడ్డి మలుపు నుంచి సన్నగా, వంకరగా. వంగలేక ఒక చేత్తో మోకాలు పట్టుకుంది. తర్వాత పిక్కను మట్టిలోకి బొటనవేలితో నొక్కింది, విత్తనం పెట్టినట్టు. మిగతా మూడిళ్ళవీ ఆమే పెట్టింది.

"ఇంగ రాసుకో," అంది.

పన్నెండో రోజు సాయంత్రం పటాలు వెళ్ళాయి. తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. అడగడం వరకే వీళ్ళ చేతిలో ఉంది. మేడమ్ నీళ్ళ ఆఫీసుకు రోజూ ఫోను చేసేవారు. రెండు వానాకాలాలు గడిచాయి. నా నడుము చిరిగింది, ఎలుకలు ఒక మూల కొరికాయి. మీటింగులకు ప్లాస్టిక్ చాపలు వచ్చాయి. నన్నేం చేయాలో తోచక బీరువా వెనక పెట్టారు. అక్కడ నేను సగం నిద్రలో పదకొండు ఊళ్ళనూ తిరుగుతుండేదాన్ని. ఏది జరిగిందో, ఏది మౌలాలి తాత కలో తేల్చుకోలేకపోయేదాన్ని.

ఒకరోజు శంషాద్ నన్ను దులిపి మళ్ళీ స్కూటీ ఎక్కించింది. పుల్లచెలిమ ఉత్తరపు కొసన ఆగాం. మట్టి గోడ, రేకుల కప్పు, గడప ముందు ఒక ఇనుప కుళాయి, దాని కింద నల్లగా తడిసిన నేల. ఆనాటి ముగ్గు పటంలో నా వీపు కింద ఉండిపోయిన నేల.

"ఇది చిరిగిపోయిందత్తా. పారెయ్యబుద్ధి కాలేదు. నీకు పనికొస్తాదేమోనని."

"పనికి రాకేం," అంటూ ఉరుకుందమ్మ నన్ను చీకటిగా చల్లగా ఉన్న గదిలో పరిచి, వెంటనే నా మీద నడుం వాల్చింది. ఆ ఊళ్ళో జరిగిన ఏ సభలోనూ ఆమె నా మీద కూర్చోలేదు. ఆమె బరువు నాకదే మొదటిసారి. మోకాళ్ళు రెండూ వేడిగా ఉన్నాయి.

శంషాద్ కాగితాలు తీసింది. కుళాయి వచ్చాక ఏం మారిందో రాసుకుపోవాలి. "పొద్దున ఏం పని చేస్తావు అత్తా?" అని మొదలుపెట్టింది. నీళ్ళు పడతా, వంట చేస్తా, కలుపుకు పోతా అని ఆమె కళ్ళు మూసుకునే చెప్పింది.

"మధ్యాహ్నం?"

"పండుకుంటా."

"అది కాదత్తా, పని. ఏం పని చేస్తావని."

"పండుకుంటానమ్మే. ఈ ఊరికొచ్చినప్పట్నుంచీ మధ్యాన్నం పండుకోలేదు నేను. ఇప్పుడు పండుకుంటాండా. రాసుకో."

కాగితంలో దానికి గడి లేదు. శంషాద్ వెతికింది, వెనకకు తిప్పి చూసింది. చివరికి అంచున ఉన్న ఖాళీలో చిన్నగా ఏదో రాసింది. ఏం రాసిందో నాకు తెలియదు, నాకు చదువు రాదు కదా. ఆ తర్వాత కలం మూత పెట్టి, చెప్పులు గడప బయట విడిచి వచ్చి, వెడల్పాటి నీలం పట్టె మీద ఆమె పక్కనే ఒరిగింది.

ఇద్దరి ఊపిరీ ఒక వరసకు వచ్చింది. బయట కుళాయి నుంచి ఒక్కొక్క చుక్కే పడుతోంది. లేచి దాన్ని గట్టిగా తిప్పి రావాలని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.