తాకకుండా చూసే కెమెరా

"నీ చేతుల రంగే పిల్ల మొహాన కొట్టింది" అంది అత్త మాణిక్యమ్మ, వీరదుర్గ పాప గుడ్డలు ఉతుకుతుంటే. కడుపుతో ఉండి కూడా పెడన కలంకారీ షెడ్డులో అద్దకం పనికి వెళ్లింది కదా, ఎర్రరంగు చేతులు పొట్టమీద పెట్టుకుందట, అందుకే పాప కుడికంటి పక్కన ఆ ఎర్రమచ్చట. ఆ చేతులు తెచ్చిన కూలితోనే ఇంట్లో పొయ్యి వెలిగిందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. మొగుడు దుర్గారావు ఉన్న ఊరు బందరు నుంచి మంగినపూడి బీచికి ఆటో తోలతాడు, ఆదివారం తప్ప బేరముండదు. "అమ్మ ఊరికే అంటదా?" అనేవాడు. అనీ అనీ ఎంత పని చేశారంటే, నీళ్లు పోస్తున్నప్పుడు కూడా తన వేళ్లు పాప మొహానికి తగలకుండా చూసుకునేది వీరదుర్గ. కన్నతల్లికి ఎంత ఖర్మ!

గుడివాడ డాక్టరమ్మ సుభాషిణి గారు మొదటిసారే తేల్చి చెప్పారు. "రంగూ కాదు, గ్రహణమూ కాదమ్మా. చర్మం కింద సన్నటి రక్తనాళాలు గుత్తిగా పెరిగాయి. చాలామందికి దానంతటదే తగ్గిపోతుంది. కానీ రెప్ప వైపు పాకితే చూపుకే ముప్పు. నెలనెలా ఫోటో తీసి చూద్దాం." సూది లేదు, కోత లేదు. ఆ కెమెరా పాపని ముట్టుకోదు కూడా. మచ్చ మీద లేజర్ వెలుతురు పరిచి, కింద నెత్తురు ఎలా పారుతోందో తెరమీద చూపిస్తుంది. జోరుగా పారితే ఎరుపు, లేకపోతే నీలం.

ఈ నెల వీరదుర్గ కాళ్లు నేలమీద నిలవలేదు. మొన్నీమధ్య పని నుంచి వచ్చేసరికి మచ్చ మీద నల్లగా చెక్కులు కట్టి ఉన్నాయి. "ఎండిపోతోందే, ఇంకేం కావాలి?" అంది అత్త. ఎండిపోతోంది! షెడ్డులో అందరికీ చెప్పుకుని మురిసిపోయింది. పాప నిద్రలో ఉలిక్కిపడి ఏడుస్తుంటే కడుపునొప్పేమో అనుకుంది.

గుడివాడలో మొగుడూ పెళ్లాలిద్దరి ముందూ తెరమీద బొమ్మ పడింది. ఎర్రటి మచ్చ మధ్యలో, ఒకే వరసలో, మూడు గుండ్రటి నీలం చుక్కలు. డాక్టరమ్మ పాప మీదికి వంగి ఆ చెక్కుల్ని దగ్గరగా చూశారు.

"ఇది తగ్గడం కాదమ్మా. చుట్టూ జోరు అలాగే ఉంది. ఈ చుక్కల్లోనే నెత్తురు ఆడట్లేదు. పుండు పడితే ఇంత గుండ్రంగా, వరసగా ఉండదు. ఎవరో కాల్చారు."

వీరదుర్గకి ఆ మాట చెవిన పడింది గానీ లోపలికి దిగలేదు. కాల్చారా? ఎవర్ని?

"ఈవిడేనండీ" అన్నాడు దుర్గారావు చటుక్కున. "పిల్లని ఒళ్లో ఎట్టుకునే పోపులేస్తది. ఎన్నిసార్లు చెప్పానో!"

చెప్పుకుంటే సిగ్గుచేటు, ఆ మాట ఆమె సగం నమ్మేసింది. ఏ రోజు నూనె చిందింది? ఏ రోజు ఏమరుపాటుగా ఉంది? ఇంట్లో ఏం జరిగినా ముందు తన తప్పేదో వెతుక్కోవడం ఆమెకి అంత అలవాటైపోయింది మరి.

"రెప్ప దగ్గర ఇంకో ఫోటో తీయాలి. పాపని పట్టుకోనక్కర్లేదండీ" అంటూనే ఉన్నారు డాక్టరమ్మ. దుర్గారావు అప్పటికే ముందుకొచ్చాడు. ఒక చేత్తో పాప చీలమండలు రెండూ కలిపి నొక్కాడు. మోచేయి రొమ్ము మీద అడ్డంగా వేసి, అరచేత్తో గడ్డం పక్కకి తిప్పి బిగించాడు. అంతదాకా కాళ్లాడిస్తూ కేరింతలు కొడుతున్న పాప ఒక్కసారిగా నీలుక్కుపోయి కెవ్వుమంది.

వీరదుర్గ ఆ చేతుల వైపే చూసింది. పుట్టాక ఒక్కసారి గుడ్డ మార్చలేదు ఈ మనిషి. ఎత్తుకోమంటే మెడ నిలవని పిల్ల, నాకు భయం అన్నాడు. అలాంటివాడికి పిల్లని కదలకుండా బిగించడం ఎలా తెలిసింది?

"అత్త కాలుస్తుంటే నువ్వు పట్టుకున్నావా బావా?"

అతను డాక్టరమ్మ వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. "పసుపుకొమ్మేనే. వాత పెడితే మచ్చ మాడిపోద్దంది అమ్మ. నేను గట్టిగా పట్టుకోబట్టి సరిపోయింది గానీ, కదిలుంటే కంట్లోనే పడేది."

మెచ్చుకుంటుందనుకున్నాడో ఏమో, ఆ ఆఖరి మాట కాస్త గొప్పగానే అన్నాడు.

వీరదుర్గ అతని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పాపని భుజాన వేసుకుంది. "కాల్చింది ఎవరో, పట్టుకుంది ఎవరో రాయండి డాక్టరమ్మా. ఎక్కడ చెప్పమన్నా నేనొచ్చి చెప్తాను" అంది. తర్వాత మొగుడి కేసి తిరిగింది.

"నువ్వు బందరు వెళ్లిపో బావా. నేనూ పాపా పెడనలో దిగిపోతాం."

"ఇల్లొదిలేసి ఎక్కడుంటావే?"

"నీ చేతులకి ఇది అందని చోట."