చదవని చివరి పేజీలు

"చివరికి ఏమైంది?" అంటారు మా ఆయన, టీ కప్పు కింద పెడుతూ. బీన్స్ ఈనెలు తీస్తూ నేను చెప్తాను. పాలు కాచడం, అత్తగారికి మాత్రలు ఇవ్వడం లాగే ఇది కూడా మా ఇంట్లో రోజూ పొద్దున జరిగే పని. మాది పుస్తకాల షాపు. మామగారి కాలంలో అక్కడ బడి పుస్తకాలు, తెల్ల కాగితాలు అమ్మేవారు. ఈయన చేతికి వచ్చాక భయం అమ్మడం మొదలైంది. దెయ్యాల నవలలు, శాపం తగిలిన రాజ్యాలు, మనుషుల్ని మింగే అడవులు, చచ్చినవాళ్ళను లేపే మంత్రగాళ్ళు. అలాంటివాటిలో ఏది చదవాలో తెలియాలంటే ఈయన్నే అడగాలని ఊళ్ళో పేరు. ఈయన ఒక్కటీ చదవలేదు. చదివేది నేను. బస్సులో, కుక్కరు కూతల మధ్య, అత్తగారి మోకాళ్ళ వైద్యం అయ్యేదాకా బయట చెక్క బల్ల మీద కూర్చుని చదువుతాను. మొదట్లో ముచ్చటగానే ఉండేది. "నువ్వు చెప్తుంటే కళ్ళకు కట్టినట్టు ఉంటుందోయ్" అన్నారొకసారి. ఆ ఒక్క మాట మీద చాలా ఏళ్ళు నడిచాను. మెచ్చుకునే మాటలు ఆగిపోయాయి, నడక మాత్రం ఆగలేదు.

షాపులో ఉన్న ఒక్క కుర్చీ ఆయనది. నేను వెనక నిలబడి దుమ్ము దులుపుతాను, పుస్తకాలకు అట్టలు వేస్తాను, బిల్లు రాస్తాను. ఎవరైనా వచ్చి "ఏదైనా మంచి భయం పుస్తకం ఇవ్వండి" అంటే ఆయన గొంతు సవరించుకుంటారు. "ఒంటరిగా ఉండేవాళ్ళకు ఇల్లు పగబట్టే కథ ఇవ్వకూడదండీ, అడవి కథ ఇవ్వాలి. ఆఫీసులో నలిగిపోయేవాళ్ళకు రాక్షసులున్న పెద్ద నవల ఇవ్వాలి. వాళ్ళకి కొమ్ములున్న శత్రువు కావాలి, టై కట్టుకున్న శత్రువు వద్దు" అంటారు. వచ్చినవాళ్ళు నవ్వుతారు, మెచ్చుకుంటారు. అవి నా మాటలే. పొద్దున బీన్స్ తరుగుతూ చెప్పినవి మధ్యాహ్నం ఆయన నోట్లోంచి వస్తుంటే, నా బట్టలు ఇంకొకరి ఒంటి మీద చూసినట్టు ఉంటుంది. కోపం రాదు. కోపానికి కొంచెం ఓపిక కావాలి. ఇంతలో ఆయన వెనక్కి తిరిగి "అంతేనా?" అన్నట్టు చూస్తారు. నేను "ఊ" అంటాను. నా ఉద్యోగం మొత్తం ఆ "ఊ"లోనే ఉంది.

ఇంట్లో అత్తగారికి ఆ పుస్తకాలు గిట్టవు. "నట్టింట్లో ఆ చావు కథలేంటే? వంశానికి అరిష్టం" అంటుంది. అవే పుస్తకాలు కొడుకు షాపులో అమ్మితే మాత్రం వ్యాపారం. ఒకసారి నేను చదువుతూ ఉలిక్కిపడటం చూసి "ఇంత పిరికిదానివి, ఎందుకు చదవడం?" అంది. పుస్తకంలో భయానికి ఒక మొదలు ఉంటుంది, ఒక చివర ఉంటుంది, మధ్యలో పేజీ మడిచి లేవొచ్చు. నేను వెతుక్కునేది ఆ మడత అని ఆవిడకు ఎలా చెప్పను?

ఈమధ్య అత్తగారికి జ్వరం వచ్చింది. వారమంతా దుప్పట్లు మార్చడం, గంజి కాచడం, మధ్యలో పరిగెత్తుకెళ్ళి షాపులో బిల్లు రాయడం. చేతిలో ఉన్న పుస్తకం చివరి ముప్పై పేజీల దగ్గర ఆగిపోయింది. అందులో ఒక పాత ఇల్లు ఉంటుంది. ఆ ఇంటి గోడలోంచి ఏదో గీకుతుంటుంది. ఇంట్లో అందరూ ఉన్నా ఆ చప్పుడు ఇల్లాలికి ఒక్కదానికే వినిపిస్తుంది. ఆ వారంలోనే ఒక పొద్దున ఆయన ఎప్పటిలాగే "చివరికి ఏమైంది?" అన్నారు. చదవలేదని చెప్తే ఎందుకు చదవలేదో చెప్పాలి, చెప్తే "ఇరవై నాలుగు గంటలూ ఇంట్లోనేగా" అన్న మాట వినాలి. అందుకని చెయ్యి ఆపకుండా నోటికొచ్చింది చెప్పాను.

"ఒక రోజు ఆమె గోడకి చెవి పెట్టింది. లోపలున్నది అంది కదా, 'అలిసిపోయావు. కాసేపు నువ్వు లోపలికొచ్చి పడుకో, నీ పని నేను చేసిపెడతాను' అని. ఆమె లోపలికెళ్ళి పడుకుంది. అది ఆమె బట్టలు కట్టుకుని బయటికొచ్చింది. వంట చేసింది, గిన్నెలు తోమింది, బట్టలు ఆరేసింది, మొగుడి పక్కన పడుకుంది. ఎన్ని రోజులైనా ఎవరూ కనిపెట్టలేదు. ఈ మధ్య కూరలో ఉప్పు సరిగ్గా పడుతోంది అన్నాడు మొగుడు. అంతే, అయిపోయింది."

ఆయన కప్పు గాల్లోనే ఆగిపోయింది. "అబ్బ! ఏం బుర్రోయ్ వాడిది! ఎవడో కానీ మొనగాడు" అన్నారు. ఇన్నేళ్ళ తర్వాత దొరికిన మెప్పు. అది కూడా ఎవడో మొనగాడికి వెళ్ళిపోయింది. నేను చేతిలో బీన్స్ కాయను అవసరం లేకపోయినా ఇంకా చిన్నగా తుంచాను.

ఆ మధ్యాహ్నమే ఎదురు వీధి బేకరీ ఆవిడ షాపుకు వచ్చింది. యాభై దాటిన మనిషి, మోచేతుల దాకా పిండి. తెల్లవారకముందే లేచి రొట్టెలు కాల్చేది ఆవిడ, గల్లా దగ్గర కూర్చునేది వాళ్ళాయన. ఎప్పుడూ ఇలాంటి పుస్తకం చదవలేదట. "అందరూ భయపడటానికి డబ్బులిచ్చి మరీ కొనుక్కుపోతున్నారు, అందులో ఏముందో చూద్దామని వచ్చాను బాబూ. కానీ నాకు ముందే ముగింపు చెప్పెయ్యాలి. చివర తెలిస్తే గానీ నేను భయపడలేను" అంది. ఆయన పకపకా నవ్వి, గోడ నవల తీసి, ముగింపు కూడా చెప్పారు. నేను చెప్పినదాని కంటే బాగా చెప్పారు. చేతులు తిప్పుతూ, గొంతు తగ్గిస్తూ. ఆవిడ నవ్వలేదు. డబ్బులిచ్చి, పుస్తకాన్ని పిండి అంటకుండా కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

నిన్న తిరిగి వచ్చింది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టిన తీరుకే తెలిసింది, ఏదో తేడా వచ్చిందని.

"బాబూ, ఇందులో పేజీలు ఊడిపోయాయి."

ఆయన తిరగేసి చూశారు. "లేదే! అన్నీ ఉన్నాయి."

"ఎక్కడున్నాయి? ఇందులో మొగుడు గునపం తెచ్చి గోడ పగలగొట్టి, లోపలున్నదాన్ని తగలబెట్టేశాడు. పెళ్ళాం వాడి కాళ్ళ మీద పడి ఏడ్చింది. చివరి పేజీలో లేచి వాడికి కాఫీ కలిపింది. నేనేమైనా కాఫీ కోసం కొన్నానా దీన్ని? నువ్వు చెప్పింది ఏది? ఆవిడ లోపలికి వెళ్ళిపోయేది?"

ఆయన ముఖంలో రంగు మారింది. నాకు వెంటనే అర్థమైంది, ఆయనకు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత గొంతు సవరించుకున్నారు. "అదా! పాత ముద్రణలో అలా ఉండేదండీ. కొత్త ముద్రణలో మార్చేసినట్టున్నారు. పాఠకులు గోల చేశారేమో."

"అయితే పాతదే తెప్పించు. ఎంతైనా సరే ఇస్తాను." ఆవిడ గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "ఆ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు బాబూ. భయమేసి కాదు. కుళ్ళు. ఆ గోడలో పడుకున్నావిడ మీద కుళ్ళు పుట్టింది."

ఆయనకు ఆ మాట వినపడలేదు. వెనక్కి తిరిగి నన్ను చూసి "ఏమోయ్, పాత ముద్రణ గుర్తుందిగా నీకు?" అన్నారు. నా "ఊ" కోసం ఎదురుచూపు. అది గొంతు దాకా వచ్చింది కూడా. అన్నేళ్ళ అలవాటు, దానంతట అదే వస్తుంది. ఒక చిన్న "ఊ"తో ఆయన పరువు నిలుస్తుంది, షాపు పేరు నిలుస్తుంది, నేను అట్టలు వేసుకోవచ్చు. కానీ ఆ "ఊ"తో ఆ గోడ కథ ఎవడో మొనగాడికి శాశ్వతంగా వెళ్ళిపోతుంది. ఎదురుగా పిండి చేతులతో నిలబడిన మనిషి లేని పుస్తకం కోసం ఎదురుచూస్తూ ఉండిపోతుంది.

"పాత ముద్రణ లేదండీ" అన్నాను. "ఆ ముగింపు నాది. నేనే కల్పించాను."

ఆయన నవ్వేశారు. "మా ఆవిడకి హాస్యం ఎక్కువ లెండి." బేకరీ ఆవిడ ఆయన వైపు చూడలేదు. బల్ల చుట్టూ తిరిగి నా దగ్గరకు వచ్చింది.

"నువ్వా? అయితే చెప్పు అమ్మాయ్, తర్వాత ఏమైంది? ఆవిడ అందులోంచి ఎప్పుడు బయటికొస్తుంది?"

"ఇంకా ఆలోచించలేదండీ" అన్నాను. నిజంగానే ఆలోచించలేదు. లోపలికి వెళ్ళి పడుకోవడం దాకానే నా ఊహ నడిచింది. అంత అలిసిపోయి ఉన్నానని అప్పుడే తెలిసింది నాకు.

"ఆలోచించు. తెలిశాక బేకరీకి రా. పొద్దునపూట వస్తే మా ఆయన ఇంకా నిద్రలోనే ఉంటాడు, గల్లా కుర్చీ ఖాళీ" అంది.

ఇంటికి వచ్చాక ఆయన అనాల్సినవన్నీ అన్నారు. "పరాయి మనిషి ముందు నా మొహాన పేడ కొట్టావు", "నీ కథలు ఎవరు కొంటారనుకుంటున్నావు?" అత్తగారు మంచం మీంచే "నేను ముందే చెప్పాను, ఆ పుస్తకాలు ఇంట్లో పెట్టొద్దని" అంది. గిన్నెలు తోముతూ విన్నాను. రేపటి నుంచి ఏదో ఒకటి మారుతుందని మాత్రం అనుకున్నాను. అరిచినా, అలిగినా, ఏదో ఒకటి.

ఈ పొద్దున ఆయన ఎప్పటిలాగే వచ్చి కూర్చున్నారు. ఎప్పటిలాగే టీ తాగారు. నేను బీన్స్ ముందేసుకుని కూర్చున్నాను. కప్పు కింద పెడుతూ "ఆ శాపం తగిలిన రాజ్యం పుస్తకం ఉందిగా, ఇవాళ ఒకాయన వస్తానన్నాడు. చివరికి ఏమైంది?" అన్నారు.

నేను ఆయన ముఖంలోకి చూశాను. నిన్నటిది ఎక్కడా లేదు. లోపలికి వెళ్ళినప్పుడు కనిపెట్టనివాళ్ళు బయటికి వచ్చినప్పుడు మాత్రం ఎలా కనిపెడతారు? గోడలోని ఆవిడను ఎవరూ పిలవరు, ఎవరూ గునపం తీసుకురారు. నిద్ర తీరాక తనే లేచి రావాలి. ఇంత చిన్న సంగతి నాకు రాత్రంతా తట్టలేదు.

రాజ్యం పుస్తకం తెచ్చి ఆయన కప్పు పక్కన పెట్టాను. నేను చదువుతూ మడిచిన పేజీ మడత విప్పి, అరచేత్తో చదును చేశాను, మొదటి నుంచి చదువుకుంటారని. సగం ఈనెలు తీసిన బీన్స్‌ను అలాగే వదిలి చేతులు కడుక్కున్నాను. గదిలోంచి అత్తగారు మాత్రల కోసం పిలిచింది. "మీ అబ్బాయి ఇక్కడే ఉన్నారు అత్తయ్యా" అని చెప్పి చెప్పులు వేసుకున్నాను.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అన్నారాయన.

"బయటికి" అన్నాను.