గురువారం వంతు

"ఇక చీల్చండి," అనేది జొహూర్ మేడమ్, చేతి గడియారం విప్పి బల్ల మీద పెడుతూ.

ఆమె రాజధాని రబాత్‌లో ప్రొఫెసరు. పరిశోధన చేస్తున్న ఐదుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని, వారం రోజులు కదలకుండా రాసుకోవడానికి జీజ్ లోయలోని మా మట్టి ఇంటికి వచ్చింది. నా పేరు బాసూ. అతిథులకు గదులు ఇచ్చి వండిపెట్టడం నా జీవనం. వాళ్ళలో ప్రతి ఒక్కరూ తాము రాసినది పేజీలు పేజీలుగా నడవ గోడకు అంటించాలి. సాయంత్రం ఒకరి రాత మీద తక్కినవాళ్ళంతా ఎర్ర పెన్సిళ్ళతో పడతారు. ఆ గంటసేపు రాసినవాళ్ళు నోరు మెదపకూడదు, వాళ్ళను ఇంకెవరూ సమర్థించకూడదు. అదీ నియమం.

"ఈ పేరా తల నరికెయ్, మొండెం బతుకుతుంది."

"అసలిది పుట్టకముందే చచ్చింది కదరా!"

మొదటిరోజు ఆ మాటలు విని నా భార్య వంటగది తలుపు మూసేసింది. రెండోరోజు నుంచి ఆమె కూడా తలుపు దగ్గర నిలబడి వినేది.

అగదీర్ నుంచి వచ్చిన అనీర్ అనే కుర్రాడు మాత్రం ఆ నియమం పాటించలేకపోయేవాడు. ఎవరి వంతైనా సరే, రాసినవాళ్ళను సమర్థిస్తూ "అది కాదు మేడమ్..." అంటూ లేచేవాడు. అందరూ ఒక్కసారిగా "నోరు!" అని అరిచేవారు. వంటగదిలోంచి నా భార్య కూడా.

అనీర్ రాస్తున్నది మా కాలువ గురించి. ఏ రోజు నీళ్ళు ఎవరివి, ఎవరు ఎవరితో ఎందుకు కొట్లాడారు అన్నది. దానికోసం రెండు నెలల క్రితం ఒంటరిగా వచ్చినప్పుడు నేనే అతన్ని మా అక్క ఇత్తో ఇంటికి తీసుకెళ్ళాను. అక్క విధవరాలు, నాకంటే పెద్దది. టీ కాస్తూ నన్ను పుదీనా తెమ్మని తోటకు పంపింది. నేను లేనప్పుడు ఆమె ఏం చెప్పిందో నేను అడగలేదు.

బుధవారం మధ్యాహ్నం నడవ ఊడుస్తూ గోడ మీది పేజీ చూశాను. నాది ఐదో తరగతి చదువు. వేలు పెట్టి ఒక్కొక్క మాటే చదివాను.

'మూడో సాక్షి. అరవై దాటిన పురుషుడు. గురువారం నీటి వంతు గలవాడు. కరువు ఏడాది తెల్లవారుజామున, కాలువ మడవ దగ్గర తండ్రీకొడుకులు ఒకణ్ణి పారతో తల మీద కొట్టి, ముఖాన్ని బురదలో తొక్కిపట్టడం చూశాడు. కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా వాళ్ళు పాదం తీయలేదు.'

చీపురు గోడకు ఆనించి మళ్ళీ చదివాను. అది బుజ్మా చావు. పద్దెనిమిదేళ్ళ క్రితం జారిపడి చనిపోయాడని నమ్మి ఊరంతా కలిసి పాతిపెట్టాం. బుజ్మాకూ, ముందు వరసలో నా పక్కనే నమాజు చేసే మూలూద్‌కూ నీళ్ళ తగాదా ఉండేది. మూలూద్ పెద్దకొడుకు హద్దూ.

గురువారం నీళ్ళు మా నాన్నవి. ఇస్లాం ధర్మశాస్త్రం ప్రకారం కొడుకుగా రెండు పాళ్ళు నావి, కూతురిగా ఒక పాలు అక్కది. ఆ రోజు నీళ్ళకు హక్కున్న మగవాణ్ణి నేనొక్కణ్ణే. నేనేమో ఏమీ చూడలేదు. ఆ కుర్రాడు పేరు తీసేశాడు, ఆడమనిషిని మగవాణ్ణి చేశాడు, తన లెక్కలో బాగా దాచాననుకున్నాడు. అక్కను దాచి నన్ను తెచ్చి వీధిలో నిలబెట్టాడు.

అప్పుడే ఆ పేజీ చింపేయాల్సింది. చదువుకున్నవాళ్ళ కాగితం, అడిగి తీద్దాం అనుకుని నమాజుకు వెళ్ళాను. వచ్చేసరికి గ్యాస్ బండ తెచ్చిన హద్దూ గోడ ముందు నిలబడి ఉన్నాడు. నన్ను చూసి, ఖాళీ బండ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వంతు అనీర్‌ది. మేడమ్ గడియారం విప్పుతోంది. నేను అనీర్ దగ్గరికి నడుస్తున్నాను. తలుపు విరిగి లోపల పడింది.

హద్దూ చేతిలో పార కర్ర ఉంది. వెనక తమ్ముడు ఉషెన్ చేతిలో బండలు బిగించే పానా.

"రా బాసూ బాబాయ్," అన్నాడు హద్దూ. "మా నాన్న పక్కన నిలబడి నమాజు చేస్తూ కడుపులో ఇది పెట్టుకున్నావా?"

"ఏం పెట్టుకున్నానురా?"

కర్ర నా మోకాలి మీద పడింది. నేలకూలాను. అడ్డం వచ్చిన ఒక విద్యార్థి మూతి మీద ఉషెన్ పానాతో కొట్టాడు. ఒక పన్ను బల్ల మీద గడియారం పక్కన పడింది.

హద్దూ నా గడ్డం పట్టి తలెత్తాడు. "నువ్వు అబద్ధపు ఒట్టు వెయ్యవని ఊరందరికీ తెలుసు. చూడలేదని అల్లా మీద ఒట్టెయ్. ఇప్పుడే వెళ్ళిపోతాం."

నేను నిజంగానే చూడలేదు. ఒక్క మాట, అదీ నిజమైన మాట చాలు. కానీ నేను కాకపోతే గురువారం నీళ్ళకు మిగిలింది ఒక్కరే. హద్దూకు ఆ లెక్క చెయ్యడానికి ఎంతోసేపు పట్టదు.

నోరు మూసుకున్నాను.

ఎండిన ఖర్జూర మట్ట విరిగినట్టు నా కుడిచెయ్యి విరిగింది.

"ఆయన కాదు!" అంటూ అనీర్ లేచాడు. "అది..."

"నోరు!" అని అరిచాను. "రాసినవాడు మాట్లాడకూడదు!"

అతను నన్ను చూశాడు. నా ముఖంలో ఏం కనిపించిందో, పిడికిలి నోట్లో కుక్కుకున్నాడు.

"ఈయన కాదా? మరెవడు?" హద్దూ అతని జుట్టు పట్టి, ముఖాన్ని అతని పేజీకేసే కొట్టాడు. "ఎవడు? ఎవడురా?" మూడుసార్లు కొట్టాడు. గోడ మట్టి రాలింది. నిమిషం సేపు నోరు మూసుకోలేని ఆ కుర్రాడు మూలిగాడే తప్ప మాట్లాడలేదు.

జొహూర్ మేడమ్ పొయ్యి మీది టీ కెటిల్ ఎత్తి హద్దూ ముఖాన మసలే నీళ్ళు కుమ్మరించింది. ఆ కేకకు వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది. జనాన్ని చూసి ఉషెన్ అన్నను ఈడ్చుకుంటూ పారిపోయాడు.

జనంలో అక్క కూడా వచ్చింది. పేజీలో ఏముందో అనీర్ చితికిన పెదవులతో చెప్పాడు. అక్క ఆ ముఖం మీదే ఒక్కటి ఇచ్చింది.

"నన్ను మగాణ్ణి చెయ్యమని నీకెవడు చెప్పాడురా?"

"నిన్ను కాపాడదామని, పెద్దమ్మా."

"నన్ను కాపాడి వీడి చెయ్యి విరగ్గొట్టించావా? చూసింది ఆడది. ఆడదనే రాయి. పేరు కూడా రాయి." తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వొకడివి! నిజమే కదా, ఒట్టేస్తే నీ సొమ్మేం పోయింది?"

"వేస్తే నీ దగ్గరికి వచ్చేవాళ్ళక్కా."

"రానీ. ఇన్నేళ్ళూ పార తలగడ పక్కన పెట్టుకుని పడుకున్నా. భయం నాకు కొత్తా?"

అనీర్ 'పురుషుడు' అన్న మాట కొట్టేసి ఆమె పేరు రాశాడు. అక్కకు చదువు రాదు. కెటిల్ అడుగు మసికి బొటనవేలు రుద్ది ఆ పేరు కింద వేలిముద్ర వేసింది. అక్క మేడమ్ కారులో కూర్చుని, ఆ పేజీ ఒళ్ళో పెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్ళింది. తెల్లవారకముందే వాళ్ళు మూలూద్‌నూ కొడుకులనూ పట్టుకెళ్ళారు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. సజ్దాలో, నుదురు నేలకు ఆనించేటప్పుడు, ఆ అరచెయ్యి సరిగా ఆనదు. నిజమైన ఒట్టు వేయకుండా అబద్ధాన్ని నిలబడనివ్వడం పాపమా అని ఇమామును అడిగాను. పుస్తకాలు చూసి చెబుతానన్నాడు. ఇంకా చెప్పలేదు. ముందు వరసలో నా పక్క చోటు ఖాళీగానే ఉంది.

వాళ్ళు నన్ను కొట్టిన మర్నాడే గురువారం. నా రెండు పాళ్ళకూ మడవ అక్కే తెరిచింది. బుజ్మా పడిన చోటే, పారతో బురద తీసి. ముఖం వాచిన అనీర్ గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నీళ్ళు మా తోట వైపు తిరిగాక, లేచి ఆమె చేతిలోని పార అందుకున్నాడు.